నాలుక లేని గంటతో ధర్మపురికి

ఈ గంట సంగతి నేను చెప్పని మనిషి లేడు, చివరిదాకా విన్న మనిషీ లేడు. మా ఆవిడకు చెబితే "దేవుడి గదిలో ఉన్న గంటే వాయించే దిక్కు లేదు" అని వంటింట్లోకి వెళ్లిపోయింది. సాయంత్రం పార్కులో కూర్చునే మిత్రులకు చెబితే, సగంలోనే ఒకాయన తన మోకాలి నొప్పి అందుకున్నాడు. పేర్లు రాయను గానీ, ఎవరు ఏ మాట దగ్గర మొహం తిప్పుకున్నారో నాకు బాగా గుర్తుంది. ఇక తమిళనాడు ధర్మపురిలో పాత సామాన్ల అంగడి ఆయన సంగతి చెప్పనే అక్కర్లేదు. "రేపు పంపిస్తా సార్" అని నెలల తరబడి చెప్పి, చివరికి ఫోన్ ఎత్తడమే మానేశాడు. అందుకని నేనే వెళ్లి వచ్చాను. అటువైపు వెళ్లని వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఈసారైనా మధ్యలో మోకాళ్ల ప్రస్తావన తేకుండా వినండి.

నేను మదనపల్లె వాణ్ణి. బస్సు డిపోలో స్టోర్ కీపరుగా పనిచేసి రిటైరయ్యాను. ఒక్క మర తక్కువైన సామాను కూడా నా సంతకంతో లోపలికి రాలేదు. రిటైరయ్యాక పాత సామాన్ల పిచ్చి పట్టింది. సంతల్లో, పాత ఇనుము కొట్లలో తిరిగి ఇత్తడి తాళాలు, వాల్వు రేడియోలు, కావడి పెట్టెలు ఏరుకొస్తుంటాను. కుప్పం సంతలో ఒకతను నేల మీద పట్టా పరిచి అమ్ముతుంటే, స్టవ్ బర్నర్ల మధ్య ఈ ఆవుగంట కనబడింది. కంచుది. దోసిలి నిండుగా ఉంది. అంచు చుట్టూ రాగిగింజలంత చుక్కలు. మందలో ముందు నడిచే ఆవు మెడకు తప్ప ఇంత బరువు గంట కట్టరు. పైన తాడు దూర్చే చెవికి మాత్రం కొత్తగా అతుకు వేసి ఉంది.

తిప్పి చూస్తే లోపల నాలుక లేదు. వేలాడదీసే కొక్కెం ఉంది, అంతే.

"నాలుక మా బావ అంగట్లో ఉంది సార్, ధర్మపురిలో. వారంలో మీ ఇంటికొస్తుంది" అన్నాడు. ఆ బావ ఫోన్ నంబరు కూడా రాసిచ్చాడు. నమ్మాను. ఎన్ని వారాలు గడిచాయో ఆ అంగడికే తెలియాలి. ఏదో ఒక బోల్టు కట్టుకోమని సలహా ఇచ్చినవాళ్లు ఉన్నారు. బోల్టు కడితే మోగుతుంది. కానీ అది బోల్టు మోత. నేను కొన్నది గంటను.

కృష్ణగిరి దాటాక

తొలకరి వానలు పడిన వారంలో బయలుదేరాను. గంటను పాత టవల్లో చుట్టి, సంచిలో పెట్టుకుని, సంచిని ఒళ్లో పెట్టుకున్నాను. కృష్ణగిరిలో బస్సు మారాక పక్క సీట్లోకి తెల్లచొక్కా పెద్దమనిషి ఒకాయన వచ్చి కూర్చున్నాడు. డిపోలో తమిళ డ్రైవర్లతో ఏళ్ల తరబడి కీచులాడినందువల్ల నాకు తమిళం వచ్చు. ఆయన వేరుశెనక్కాయలు ఒలుస్తూ సంచి వైపు చూసి "లోపల ఏంటి సార్, అంత జాగ్రత్తగా పట్టుకున్నారు?" అన్నాడు.

"గంట."

"గుడిదా?"

"ఆవుది."

"ఆవుదని మీరంటారు. పాత కంచు సామాను చూస్తే పోలీసులు అలా అనరు. విగ్రహాల దొంగతనాలు చాలా జరుగుతున్నాయి ఇక్కడ. రసీదు ఉందా?"

పట్టా మీద అమ్మేవాడు రసీదు ఇస్తాడా? నేను సంచి మూతి ముడివేశాను. ఆయన మాత్రం ఒక గుప్పెడు కాయలు నా చేతిలో పోసి, కావేరిపట్నంలో మామిడి మండీల దగ్గర నిశ్చింతగా దిగిపోయాడు. భయం మాత్రం నా పక్కనే కూర్చుంది. దారిలో బస్సు ఆగిన ప్రతిచోటా, ఖాకీ చొక్కా కనబడిన ప్రతిసారీ సంచిని సీటు కిందికి తోశాను, మళ్లీ పైకి తీశాను. టోల్‌గేటు దగ్గర ఎక్కిన ఖాకీ చొక్కా మనిషి మరచెంబులో నీళ్లు పట్టుకోవడానికి దిగి వచ్చిన మా డ్రైవరే.

ధర్మపురి బజారు

లాడ్జిలో నా తరువాత వచ్చినవాడికి ముందు తాళం చెవి ఇచ్చారు. నాకు దక్కిన గది మరుగుదొడ్డి పక్కన. ఈ ముక్క ఇక్కడ రాసి పెడుతున్నాను, మరిచిపోయాననుకుంటారేమో.

ఊరు మాత్రం మనవాళ్లకు కొత్తగా ఉండదు. బోర్డులన్నీ తమిళం, నోళ్లు మాత్రం రకరకాలు. అరటిపళ్ల బండి దగ్గర గిరాకీతో తమిళం మాట్లాడిన ఆమె, పక్కకు తిరిగి చెల్లెలితో "నువ్వు ఇంటికి పో, నేను వచ్చినాక చేస్తాను" అంది. శతాబ్దాల కిందట వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ జిల్లా నిండా ఉన్నాయి. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. రాత మాత్రం తమిళమే. నా చేతిలో ఉన్న తెలుగు పత్రిక చూసి ఆమె "ఇది కన్నడమా?" అని అడిగింది. నాకు బాధేసింది. కానీ పళ్లు మంచివి ఏరి ఇచ్చింది గనక ఊరుకున్నాను.

బస్టాండు వెనక సందులో తట్టువడ సెట్టు తిన్నాను. మన చెక్కలాంటివి రెండు, మధ్యలో తురిమిన బీట్‌రూట్, క్యారెట్, కారం చట్నీలు. ఇరవై రూపాయలు. మన దగ్గర చెక్కను చెక్కలాగే తింటాం. దాన్ని ఇలా పెళ్లికూతురిలా ముస్తాబు చేయడం మనకు తెలియదు. నాకంటే వెనకొచ్చిన ఇద్దరికి ముందు ఇచ్చారన్నది తప్ప రుచికి వంక పెట్టను.

ఆ సందు చివరే పాత సామాన్ల అంగడి. యజమాని శక్తివేల్ లేడు. ఆయన భార్య గల్లా దగ్గర మల్లెపూలు కడుతోంది. నేను టవల్ విప్పి గంట బల్ల మీద పెట్టాను. ఆమె చేతిలో దారం ఆగిపోయింది.

"మీరా? ఆంధ్రా సార్ మీరేనా?"

"నేనే. నాలుక కోసం వచ్చాను."

ఆమె కాఫీ తెప్పించింది. మన దగ్గర అప్పు తీర్చమని అడిగితే ముందు కుర్చీ తీసేస్తారు, ఇక్కడ కాఫీ పోస్తారు. అది నేను తాగుతుండగా లోపలికి వెళ్లి ఫోన్లో గొంతు తగ్గించి మాట్లాడింది. "వచ్చేశారు. ఆ, గంట తీసుకునే వచ్చారు" అన్నది మాత్రం వినబడింది. బయటికి వచ్చి, ఆయన పొద్దున సోగత్తూరు గోడౌన్లో ఉంటారని చెప్పింది. తరువాత గంట వైపు చూస్తూ "దీన్ని బజార్లో అందరికీ చూపించొద్దు సార్" అంది.

ఎందుకని అడిగితే పూలు కట్టుకుంటూ కూర్చుంది. ఎందుకు చూపించకూడదు? తెల్లచొక్కా ఆయన మాటలు మళ్లీ చెవిలో పడ్డాయి. ఆ రాత్రి సంచిని తలకింద పెట్టుకుని పడుకున్నాను. కంచు మీద నిద్ర ఎలా పడుతుందో మీరే ఆలోచించండి.

సోగత్తూరు గోడౌన్

సోగత్తూరు ఊరికి ఆనుకునే ఉంది. రేకుల షెడ్డు. లోపలికి అడుగుపెట్టగానే కాసేపు నేను వచ్చిన పని మరిచిపోయాను, నిజం చెప్పాలి. గోడ పొడవునా కుట్టుమిషన్ల కాళ్లు. ఊరగాయ జాడీలు పెద్దది మొదలు చిన్నదాకా వరసగా. పెండ్యులం గడియారాలు పదో పన్నెండో, ఒక్కోటి ఒక్కో వేళ చూపిస్తూ. నూనె మిల్లులో వాడిన రాగి కొలతలు. కాలిన చెక్క వాసన, తుప్పు వాసన, దాని మీద ఎవరో వెలిగించిన ఊదొత్తి వాసన. బెంగుళూరు నుంచి కారులో వచ్చిన ఒక జంట రుబ్బురోలు బేరం చేస్తున్నారు. రుబ్బడానికి కాదు, అందులో తామరపూలు వేస్తారట.

ఒక మూల నాలుగు గిన్నెల ఇత్తడి క్యారియర్ దొరికింది. మూతకు గొలుసుంది, గొలుసు చివర చీల ఉంది, చీలకు తల ఉంది. ఏ ఒక్కటీ తక్కువ కాలేదు. దాన్ని ఒడిలో పెట్టుకుని కూర్చున్న ఆ కాసేపే ఈ ప్రయాణం మొత్తంలో నేను సుఖపడ్డది.

శక్తివేల్ వచ్చాడు. నవ్వు మొహం, చేతిలో గుడ్డ. ఏది మాట్లాడినా ముందు ఏదో ఒకటి తుడుస్తాడు. తెలుగు పరవాలేదు.

"ఏంటి సార్, ఫోన్ చేస్తే నేనే వచ్చేవాణ్ణి గదా."

"ఎన్నిసార్లు చేశానో మీ ఫోన్లో చూసుకోండి. నాలుక ఎక్కడ?"

క్యారియర్ మూత తుడిచాడు. "నాలుక నా దగ్గర లేదు సార్."

"మీ బావమరిది ఉందన్నాడు."

"వాడు చిన్నవాడు సార్. వాడికి తెలియదు. నాలుక ఆయమ్మ దగ్గర ఉంది."

"ఏ అమ్మ?"

గుడ్డను మడతపెట్టాడు, విప్పాడు. "గంట ఆయమ్మది సార్."

విషయం ముక్కలు ముక్కలుగా బయటపడింది. పాపారపట్టి అవతల మంద పెంచుకునే ఇంటివాళ్లు గంట చెవి విరిగితే అతుకు వేయించమని ఇతని అంగట్లో ఇచ్చి వెళ్లారు. అతుకు వేశాడు. ఇతను ఊళ్లో లేని రోజు బావమరిది అమ్మకం సామానుతో పాటు దాన్నీ మూటకట్టి కుప్పం తీసుకెళ్లాడు. ఆయమ్మ వచ్చి అడిగినప్పుడల్లా "ఆంధ్రా సార్‌కు చెప్పినాను, పంపిస్తానన్నాడు" అని ఆమెకు చెప్పాడు. నేను అడిగినప్పుడల్లా "రేపు నాలుక పంపిస్తా" అని నాకు చెప్పాడు. పైగా నా కోసం ఆ నాలుక ఇమ్మని ఆమెనే అడిగాడట! ఇన్ని నెలలు ఇద్దరి మధ్య ఈ గుడ్డ పట్టుకుని నిలబడ్డాడు.

"గంట ఇక్కడ పెట్టి వెళ్లండి సార్. మీ డబ్బు మీకిస్తా. ఆయమ్మ దగ్గరికి మాత్రం పోవద్దు. ఆయమ్మ నోరు మంచిది కాదు. స్టేషన్లో చెప్తానని కూడా అనింది."

దొంగసొత్తు. అరవై దాటిన వయసులో, చేతిలో దొంగసొత్తుతో, పొరుగు రాష్ట్రంలో. గంట అక్కడ పెట్టేసి పగటి బస్సుకే వెళ్లిపోవచ్చు, ఎవరూ తప్పు పట్టరు. కానీ ఇన్నాళ్లు అబద్ధం చెప్పిన మనిషి చేతిలో మళ్లీ అదే గంట పెట్టడమా? "నాకు డబ్బు వద్దు" అన్నాను. "ఆ నాలుక ఇప్పించండి, లేదా నాతో వచ్చి ఆమెకు మీరే జవాబు చెప్పండి."

"నాకు అంగట్లో పనుంది సార్" అని రుబ్బురోలు తుడవడానికి వెళ్లాడు.

పాపారపట్టి

గంట సంచిలో వేసుకుని ఆ ఇల్లు వెతుక్కుంటూ నేనే పాపారపట్టి వెళ్లాను. వారపు సంత రోజు. పాత సామానుకు ఇక్కడ వేరే వీధి లేదు. చిక్కుడుకాయల కుప్పకు, కోళ్ల బుట్టలకు మధ్యలోనే పాత టేప్ రికార్డర్లు, పిడి ఊడిన గరిటెలు, ఒంటి చెవి దుద్దులు. ఎండకు తట్టుకోలేక సజ్జ అంబలి తాగాను. మన దగ్గర అంబలికి ఉల్లిపాయ ఒక్కటే తోడు. ఇక్కడ మజ్జిగ మిరపకాయ, మామిడి ముక్క, వేయించిన అలచందలు చుట్టూ చిన్న గిన్నెల్లో పెట్టి, ఏది కావాలంటే అది తీసుకోమంటారు. రెండో చెంబు పోయించుకున్నాను. భయం వేస్తే నాకు ఆకలి ఎక్కువ.

ఆ ఇల్లెక్కడో ఎవరిని అడగాలి? గంట చూపిస్తే దొంగనంటారేమో, చూపించకపోతే దారి చెప్పరు. చివరికి పగ్గాలు, ముకుతాళ్లు, పూసల పట్టెడలు అమ్మే అంగడి ముందు నిలబడ్డాను. పెద్దాయన తాడు పేనుతూ తమిళంలో ఏం కావాలన్నాడు. నేను టవల్ కొంచెం తొలగించి చూపించాను. గంట లోపలికి వేలు పెట్టి చూసి, ఒక్కసారిగా తెలుగులోకి మారిపోయాడు.

"ఇది ఇంటికి పోవల్సిన గంట గదా? నీ చేతికి ఎట్ల వచ్చింది?"

"ఇంటికి పోవాల్సిందని మీకెలా తెలుసు?"

"నాలుక లేదు గదా సామీ! మంద గంటను మేము నాలుకతో బయటికి ఇయ్యము. అతుకుకు పోనీ, మెరుగుకు పోనీ, పక్క మందోళ్లు వాడుకొని ఇచ్చేదానికి ఎరువు పోనీ, నాలుక పీకి ఇంట్లో దూలానికి కట్టి పెట్టుకుంటాము. నాలుక లేని గంట ఉంటే అది తిరిగి పోయేది ఉండాదని అర్థము. దాన్ని ఎవురూ కొనరు. కొన్నోడు నువ్వొకడివే!"

చుట్టూ ఉన్న ఇద్దరు ముగ్గురు నవ్వారు. మన దగ్గర ఆవు పోతే గంటను గుళ్లో ఇస్తాం, లేదా అటక మీద పడేస్తాం. నాలుక తీసి ఆనవాలుగా పెట్టుకోవడం నేను ఎక్కడా వినలేదు. వినని దానికి నవ్వడమెందుకు? నేనేమన్నా వాళ్ల ఇంట్లో పుట్టానా? లోపం అనుకుని నెలల తరబడి నేను పోట్లాడింది లోపమే కాదని తెలిస్తే, నవ్వే వాళ్ల మధ్య నిలబడటం అంత తేలిక కాదు.

పెద్దాయన ఎవరికో ఫోన్ చేశాడు. "తిమ్మరాయప్పా, సంతలోనే ఉండావా? నీ గంట నడుచుకుంటా వచ్చింది, రా."

కాసేపటికి వచ్చాడు. బక్కపలచని మనిషి, భుజాన తువ్వాలు, చేతిలో రెండు కొత్త పగ్గాలు. గంటను చేతిలోకి తీసుకోలేదు. అతుకు వైపు మాత్రం తలవంచి చూశాడు. "బాగానే ఏసినాడు" అన్నాడు. తరువాత నన్ను చూసి, "సారూ, మా ఇంటామెకు నువ్వే చెప్పుకో. నేను మధ్యలో రాను. బండి ఉండాది, ఎక్కు" అన్నాడు.

కొండ అంచు పల్లె

ఇళ్లు పదిహేను దాటవు. వెనక వరసగా కొండలు, వాటి మీద అడవి. వానాకాలం చేలల్లో పైరు ఉన్నన్నాళ్లూ మందలు కొండ మీద పట్టిలో, అంటే కంచె వేసిన దొడ్డిలో ఉంటాయి, కోతలయ్యాక దిగుతాయి. మరునాడే మంద కొండెక్కాలట. అదంతా తిమ్మరాయప్ప బండి మీద అరుస్తూ చెప్పాడు. నాకు సగం గాలికి పోయింది.

తిమ్మరాయప్ప భార్య మునెమ్మ వాకిట్లోనే ఉంది. యాభై ఏళ్లుంటాయి. నన్ను దిగనివ్వలేదు.

"నువ్వేనా ఆ ఆంధ్రా మనిషివి? ఎన్ని మాట్లు చెప్పి పంపినా పలకలేదే! నోట్లో ఏం పెట్టుకున్నావు?"

"నాకెవరూ చెప్పలేదమ్మా! నేనే జవాబు లేక ఇంత దూరం వచ్చాను."

"ఎవురి జవాబు? నా గంట నీ ఇంట్లో పెట్టుకొని, నీకు నేను జవాబు చెప్పల్లా?"

"నేను దొంగిలించలేదు. కొన్నాను. కొన్నదానికి నాలుక తక్కువైంది. ఆ నాలుక మీ దగ్గరుంది."

"ఉండాది. దూలానికి ఉండాది. చూసిపో."

నాతో పోట్లాడి గెలిచిన వాళ్లు తక్కువ. కానీ ఈమె తారీఖులు చెప్పింది. ఏ శుక్రవారం అంగడికి వెళ్లింది, శక్తివేల్ ఏ చొక్కా వేసుకుని ఏమన్నాడు, ఆరోజు బస్సులో ఎవరు ఆమె కాలు తొక్కారు, అన్నీ గుర్తే. నేను చెప్పేటప్పుడు ఏ ఒక్కరూ ఇలా వివరాలతో వాదించలేదు. కోపంలో కూడా కొంచెం ఊరటగా అనిపించింది.

అంతలో కొట్టం వైపు నుంచి డొక్కు చప్పుడు వినబడింది. బూడిద రంగు ఆలంబాడి జాతి ఆవు, పొడవాటి కొమ్ములు. మెడలో పురికొసతో కట్టిన స్టీలు లోటా, లోటాలో ఒక నట్టు. ముందావు అదే, పేరు దొరసాని.

"చూసినావా దాని గతి?" అంది మునెమ్మ. ఈసారి గొంతు తగ్గింది. "పోయిన వారం కొండ అంచుకు తోలినాము. ఆ లోటా చప్పుడు వెనకాల ఒక్కటీ పోలేదు. సగం ఆవులు ఇట్ల, సగం అట్ల. ఒక పెయ్య ఇంతవరకు ఇంటికి రాలేదు. ఈయన దినమూ పోతాడు, వెతుకుతాడు, వస్తాడు. అడవిలో కన్నుతో వెతకలేమయ్యా, చెవితోనే. అది ఆ గంట విని పెరిగింది. లోటా పిలిస్తే వస్తుందా?"

సంచిని దగ్గరికి లాక్కున్నాను. గంట ఇస్తానని మాత్రం అనలేదు. ఇలాంటి మాటలు విని సంతకం పెట్టే అలవాటు నాకు ఉద్యోగంలోనూ లేదు.

ఆమె లోపలికి పోయి సంగటి, ఉలవల పులుసు పెట్టుకొచ్చింది. "తిను. కొట్లాడేదానికైనా కడుపులో ఏదన్నా ఉండల్ల." సంగటి మనదే, కానీ మన ముద్దలో సగం, ఇంకా గట్టి. పులుసులో వెల్లుల్లి పొట్టుతోనే వేశారు. ముద్దను పులుసులో అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాను. రుచి లేక కాదు. ఆ పెయ్య ఎక్కడుందోనన్న ఆలోచన నా తలలోకి ఎందుకు వచ్చిందో నాకే తెలియలేదు.

"ఇంకొంచెం ఏసుకో అన్నా" అంది మునెమ్మ.

తిమ్మరాయప్ప అప్పుడే నోరు తెరిచాడు. "అన్నా అనేసినావా? అయితే నాకు బావ అయినాడు. ఇంక ఎగతాళి చేసినా తప్పు లేదు."

"మీకు గంట ఇస్తానని నేను చెప్పలేదు" అన్నాను.

"ఎవురడిగినారు బావా? సుమ్మ, ఊరికే కట్టి చూస్తాము. నువ్వు కొన్నది ఎట్ల మోగుతుందో నీకే తెలియదు గదా."

అది మాత్రం నిజం. ఇన్ని నెలలు నేను పోట్లాడిన మోత నేనే వినలేదు. మునెమ్మ పీట ఎక్కి దూలం నుంచి నాలుక దించింది. వేలెడంత తుమ్మచేవ ముక్క. ఒక పక్క కొట్టి కొట్టి నున్నగా అరిగింది. తోలు వారుతో కొక్కేనికి కట్టింది. నేను గంట పట్టుకుని ఉన్నాను. వదలలేదు. ఇద్దరం చెరోవైపు పట్టుకుని ఉండగా ఆమె దాన్ని ఒకసారి ఊపింది.

గొప్ప మోత కాదు. గుడి గంటలా సాగదు. కుండలో రాయి వేసినట్టు మందంగా మొదలై, చివర సన్నగా తేలింది. కొట్టంలో నమలడం ఆగిపోయింది. దొరసాని లోటా డొక్కుమనిపించుకుంటూ వచ్చి, మధ్యలో నన్ను భుజంతో తోసి, మెడ చాచి నిలబడింది. నేను పేడలో పడ్డాను. ఎవరూ లేపలేదు. మునెమ్మ గంట కడుతోంది.

లేచాక నా షరతు చెప్పాను. "గంట నాది. మీకు ఎరువిస్తున్నాను. మంద దిగేదాకానే. కొండెక్కింది, పెయ్య దొరికింది, మంద క్షేమంగా దిగింది, ఈ మూడూ నాకు తెలియజేయాలి. నాకు జవాబు లేకపోతే ఊరుకునే మనిషిని కాను."

"ఎరువిచ్చేటప్పుడు నాలుక పీకి పెట్టుకోవల్ల బావా, అది మా పద్ధతి" అన్నాడు తిమ్మరాయప్ప. "పీకితే ఆవుకు పనికిరాదు. పీకకపోతే నీకు ఆనవాలు లేదు. ఏం చేస్తాము?" అని దొరసాని మెడ నుంచి విప్పిన స్టీలు లోటా తెచ్చి నా చేతిలో పెట్టాడు. "ఇది తీసుకో. దీనికి నాలుక ఉండాది."

మునెమ్మ మొదటిసారి నవ్వింది. నేను నవ్వలేదు. ఇది కూడా గుర్తుపెట్టుకుంటాను.

నా నంబరు గోడ మీద బొగ్గుతో రాయించాను. వాళ్ల నంబరు తీసుకున్నాను. "చెప్తాను అన్నా, తప్పకుండా చెప్తాను" అంది మునెమ్మ. మరునాడు వానలో మంద కొండెక్కింది. రోడ్డు మలుపు దాకా నిలబడి చూశాను. దొరసాని ముందు నడిచింది, మిగతావన్నీ వెనక. చెట్లలో కనుమరుగయ్యాక కూడా మోత కాసేపు వినబడింది, తరువాత వాన చప్పుడే మిగిలింది.

ఇంటికి వచ్చాక

అది జరిగి నెలలైంది. మా వైపు రాగి కోతలు అయిపోయాయి, అక్కడా అయిపోయి ఉంటాయి. వాళ్ల నంబరుకు చేస్తే అందుబాటులో లేదంటుంది. కొండ మీద సిగ్నల్ ఉండదని నాకు తెలుసు, కానీ కింద ఇల్లు లేదా? శక్తివేల్ ఇప్పుడు మొదటి రింగుకే ఎత్తుతున్నాడు, "రేపు కనుక్కుని చెప్తా సార్" అంటున్నాడు. ఆ రేపటి సంగతి నాకు తెలుసు. పేపర్లో కొండల మీద కుండపోత అని ఏ మూలన కనబడినా చదువుతున్నాను. చిరుత అన్న మాట ఉంటే రెండోసారి చదువుతున్నాను. మా ఆవిడ "నీకు ఆవు లేదు, మంద లేదు, నిద్ర ఎందుకు లేదు?" అంటోంది.

మునెమ్మా, నువ్వు తెలుగు మాట్లాడతావు, చదవలేవు. అందుకని ఇది చదివిన వాళ్లలో ఎవరైనా పాపారపట్టి దారిన పోతే, పగ్గాల అంగట్లో అడిగి ఆ పల్లెకు వెళ్లి ఈ ముక్క నోటితో వినిపించండి. గంట తిరిగి ఇమ్మని నేను అడగడం లేదు, అది దొరసాని మెడలోనే ఉండనీ. శక్తివేల్ మీద నీ వైపు సాక్ష్యం చెప్పమంటే ఏ స్టేషన్‌కైనా వస్తాను. కానీ నీకు జవాబు చెప్పడానికి నేను అంత దూరం వచ్చాను. నాకు నువ్వు ఒక్క మాట చెప్పలేవా? పెయ్య దొరికిందా? మంద దిగిందా? నీ గోడ మీద నా నంబరు ఉంది చెల్లెమ్మా. పలుకు.